లక్ష కిలోమీటర్లు తిరగని పళ్ళు

పింఛనుదారుల దంత సంక్షేమ విభాగం అని ఒకటుంది. అది ఉన్నట్టు చాలామంది పింఛనుదారులకు తెలియదు. తెలిసినవాళ్ళు ఇంకొకరికి చెప్పరు. ఆ విభాగం పెట్టిన కొత్తలో దానికి గది దొరికింది, కుర్చీలు దొరికాయి, గోడ గడియారం కూడా దొరికింది, నియమావళి ఒక్కటే దొరకలేదు. నియమావళి లేనిదే ప్రభుత్వంలో ఎవరూ తుమ్మను కూడా తుమ్మరు. రేపు ప్రారంభోత్సవం అనగా ఇవాళ సాయంత్రం ఎవరో బుద్ధిమంతుడు ప్రభుత్వ జీపుల నియమావళి పట్టుకొచ్చి, 'వాహనము' అన్నచోటల్లా 'దంతసామగ్రి' అనీ, 'డ్రైవరు' అన్నచోటల్లా 'లబ్ధిదారుడు' అనీ దిద్ది, టైపు చేయించి సంతకానికి పెట్టాడు. సంతకం పెట్టిన పెద్దమనిషి అది చదివాడా అని మాత్రం నన్నడగకండి. చదివేవాడైతే ప్రారంభోత్సవం ఆగిపోయి ఉండేది.

ఈ సంగతులేవీ తెలియని అమాయకుడు కర్రోతు పైడిరాజు. జిల్లా పోలీసు బ్యాండులో ముప్ఫై రెండేళ్ళు క్లారినెట్టు వాయించి, హెడ్ కానిస్టేబులుగా రిటైరైన మనిషి. ఆ ముప్ఫై రెండేళ్ళలో ఒక్క దొంగను పట్టలేదు, ఒక్కరి మీద లాఠీ ఎత్తలేదు. కలెక్టరుగారు జెండా ఎగరేస్తే వాయించాడు, ఎస్పీగారు బదిలీ అయితే వాయించాడు, కొత్త ఎస్పీగారు వస్తే మళ్ళీ అదే వాయించాడు. రిటైరయ్యాక పళ్ళు ఒక్కొక్కటే సెలవు తీసుకున్నాయి. అరవై మూడో ఏట ఆఖరి పన్ను కూడా పోయేసరికి దంత సంక్షేమ విభాగం వాళ్ళు కట్టుడు పళ్ళసెట్టు ఒకటి ఇచ్చారు. దాని స్టాకు నంబరు 417. పై వరస, కింది వరస, రెంటికీ కలిపి ఒకటే నంబరు.

క్లారినెట్టు వాయించేవాడికి పళ్ళంటే నమలడానికి మాత్రమే కాదు. పై పళ్ళు వాయిద్యం మూతి మీద గట్టిగా ఆనాలి. కింది పెదవిని కింది పళ్ళ మీదికి మడిచి, ఆ మూతి అడుగున అదిరే రెల్లుబద్దకు, అంటే రీడుకు, పరుపులా వేయాలి. పళ్ళు కదిలితే స్వరం కదులుతుంది. కొత్త సెట్టు పెట్టుకున్న మర్నాడే పైడిరాజు పెరట్లో కూర్చుని ఊది చూశాడు. పలికింది. వాళ్ళావిడ అచ్చియ్యమ్మ పొయ్యి మీద కూర వదిలేసి వచ్చి గుమ్మంలో నిలబడి విన్నది. ఆ పూట కూర మాడింది, ఇద్దరూ ఏమీ అనుకోలేదు.

ఏడు నెలలు బాగానే గడిచాయి. తర్వాత సెట్టు వదులైంది. పళ్ళు పీకించుకున్నవాళ్ళకెవరికైనా చిగుళ్ళు కరిగి తగ్గుతాయి, అందులో వింతేమీ లేదు. ప్రభుత్వ దంత వైద్యశాలలో డాక్టర్ షమీమ్ చూసి, పళ్ళు దివ్యంగా ఉన్నాయనీ, పైవీ కిందివీ సరిగ్గా కలుస్తున్నాయనీ, తగ్గినవి చిగుళ్ళే కాబట్టి సెట్టు లోపలి వైపు ఓ పొర లైనింగ్ వేస్తే మళ్ళీ అతుక్కుపోయి కూర్చుంటుందనీ చెప్పింది. పొద్దున ఇస్తే సాయంత్రానికి అయిపోయే పని. విభాగం నుంచి అనుమతి కాగితం తెచ్చుకుంటే చాలు.

విభాగంలో సూపరింటెండెంటు చక్రపాణి మంచివాడు. మంచినీళ్ళిచ్చి, కుర్చీ చూపించి, నియమావళి తీసి పదకొండో నిబంధన చదివి వినిపించాడు. కొత్త దంతసామగ్రికి ఐదేళ్ళు గాని, లక్ష కిలోమీటర్లు గాని, ఏది ముందైతే అది, పూర్తయ్యేవరకు మరమ్మతు చేయరాదు. చదివేసి, కళ్ళజోడు పైకి నెట్టి, పెన్ను మూత తీశాడు.

"ఇప్పటికి ఎంత తిరిగింది?"

"నోట్లోనే ఉందండి."

"అయితే సున్నా అని రాస్తాను."

బయట చేయించుకుంటానంటే అదీ కుదరదట. ప్రభుత్వ సామగ్రి మీద బయటి మెకానిక్కు చేయి పడితే లబ్ధిదారుడి పేరు జాబితాలోంచి కొట్టేస్తారట. బయట కొత్తదే కొనుక్కోరాదా అని మీరనొచ్చు. అచ్చియ్యమ్మకు అప్పుడే రెండు మోకాళ్ళకూ ఆపరేషను అయింది. ఆ మాట అక్కడితో వదిలేద్దాం.

లక్ష కిలోమీటర్లు ఎలాగూ కావు కాబట్టి పైడిరాజు ఐదేళ్ళు నిండేదాకా ఆగాడు. జిగురుపొడి చల్లుకుని అన్నం తిన్నాడు. వదులు సెట్టు నోట్లో ఊగుతూ ఉంటే పన్ను మీద పన్ను రాసుకుని అరిగింది. ఐదేళ్ళయ్యేసరికి దంతాలు వాడేసిన సబ్బుబిళ్ళల్లా నున్నగా తయారయ్యాయి. నోరు మూస్తే గడ్డం పైకొచ్చి ముక్కును పలకరించేది. పెదవుల మూలలు ఒరుసుకుపోయి పుళ్ళు పడ్డాయి. పకోడీ సంగతి దేవుడెరుగు, ఉడికిన బెండకాయ కూడా నమలలేక మింగేసేవాడు. క్లారినెట్టు పెట్టెకు తాళం పడింది.

ఐదేళ్ళు నిండిన రోజున చక్రపాణి స్వయంగా ఫోను చేసి శుభాకాంక్షలు చెప్పాడు. ఇక లైనింగ్ వేయించుకోవచ్చన్నాడు. పైడిరాజు సంబరంగా డాక్టర్ షమీమ్ దగ్గరికి పరిగెత్తాడు. ఆవిడ నోరు తెరిపించి చూసి తల పట్టుకుంది.

అప్పుడైతే లైనింగ్ సరిపోయేది, ఇప్పుడు దాంతో పని జరగదంది. చెప్పు లోపల వదులైతే లోపల తోలుముక్క వేసుకోవచ్చు గాని, అడుగు మొత్తం అరిగిపోయిన చెప్పుకు లోపల ఎంత తోలు వేసినా ఏం లాభం అని అడిగింది. పళ్ళు అరిగాయి, దవడ ఎత్తు పోయింది, పైవి కిందివాటితో కలవడం మానేశాయి. కొత్త సెట్టు తప్ప దారి లేదని కాగితం మీద రాసిచ్చింది.

చక్రపాణి ఆ కాగితం చదివి ఎంతో నొచ్చుకున్నాడు. నొచ్చుకుంటూనే పన్నెండో నిబంధన చదివాడు. మూడు పర్యాయములు మరమ్మతు చేయించి, అవి విఫలమైనట్లు కమిటీ నిర్ధారించిన పిమ్మట మాత్రమే దంతసామగ్రిని కండెమ్ చేసి, దాని స్థానే కొత్తది మంజూరు చేయవలెను.

పైడిరాజుకు తల ప్రాణం తోకకొచ్చింది. ఇంటికొచ్చి చెబితే అచ్చియ్యమ్మ చేటలో బియ్యం ఏరుతూ తల ఎత్తకుండానే తేల్చేసింది.

"జీపు పాడైతే ఆఫీసరు నడిసెల్లాల, అందుకే తొందరగా బాగుసేత్తారు. మీ పళ్ళు పాడైతే ఆళ్ళకేటి?"

ఇంకో మూడేళ్ళైనా ఆగేవాడేమో, సాల్మన్ మాస్టారు లేకపోతే. ఆయన పోలీసు బ్యాండుకు ఒకప్పటి మాస్టరు. పైడిరాజు వేళ్ళు పట్టుకుని క్లారినెట్టు బెజ్జాల మీద పెట్టించింది ఆయనే. హంసధ్వనిలో ఆయన స్వయంగా కట్టిన బాణీ ఒకటుంది, నెమ్మదిగా అడుగులేస్తూ వాయించే మార్చి. బ్యాండులో పనిచేసినవాళ్ళెవరు పోయినా సమాధి దగ్గరో శ్మశానంలోనో ఆ మార్చి వాయించడం అక్కడి ఆనవాయితీ. అందులో క్లారినెట్టుదే పెద్ద పీట. ఎనభై ఏడేళ్ళ మాస్టారు ఇప్పుడు మిషను కాంపౌండులో కూతురు రూతమ్మ ఇంట్లో మంచాన పడి ఉన్నాడు. పైడిరాజు చూడబోతే చేయి పట్టుకుని వదల్లేదు.

"నాను పోయాక గొయ్యి కాడ ఎలాగూ వాయిత్తారు. అప్పుడు నాకేటి ఇనబడతాది? ఇప్పుడు వాయించరా పైడ్రాజూ, నాకు ఇనబడుతుండగా."

పైడిరాజు సరేనన్నాడు. ఏ నోటితో సరేనన్నాడో ఆ నోటికే తెలియాలి. మర్నాడు పొద్దున్నే విభాగానికి వెళ్ళి మూడు మరమ్మతులూ వెంటవెంటనే చేయించమని చక్రపాణిని బతిమాలాడు.

చక్రపాణి కాదనలేదు. నెలన్నరలో మూడు లైనింగులు పడ్డాయి. డాక్టర్ షమీమ్ తప్పక చేసింది గాని, తప్పుగా చేయడం ఆవిడకు చేతకాదు. ప్రతిసారీ చిగుళ్ళ మంట తగ్గడానికి రెండు రోజులు సెట్టు తీసి ఉంచమంది, కొలత జాగ్రత్తగా తీసింది, లోపల పొర సాఫీగా వేసింది. మూడోసారికి అంగుడు భాగం తారురోడ్డులా మందమైంది. సెట్టు నోటికి ఎంత గట్టిగా అతుక్కుందంటే, పైడిరాజు పడుకునే ముందు దాన్ని తీయడానికి అచ్చియ్యమ్మ సాయం పట్టాల్సి వచ్చేది. నమలడానికి మాత్రం అరిగిన పళ్ళు అరిగినట్టే ఉన్నాయి. క్లారినెట్టు పెట్టుకుంటే గాలి పక్కల నుంచి బుస్సుమని పోయేది.

ఇక కమిటీ. అధ్యక్షులు గొర్తి విశ్వపతిగారు, డిప్యూటీ డైరెక్టరు. పూర్వాశ్రమంలో ప్రభుత్వ గ్యారేజీ చూసినవారు. తెల్ల చొక్కా, జేబులో మూడు రంగుల పెన్నులు. డాక్టర్ షమీమ్ సభ్యురాలు, చక్రపాణి కార్యదర్శి. విశ్వపతిగారు సెట్టును పైనుంచీ కిందనుంచీ చూసి, నడిపి చూడకుండా నిర్ణయం తీసుకుంటే ఆడిట్‌కు జవాబు చెప్పుకోలేమన్నారు. నియమావళిలో ఇరవయ్యో నిబంధన: కండెమ్ చేయుటకు ముందు గతుకుల రోడ్డుపై ఎనిమిది కిలోమీటర్లకు తక్కువ కాకుండా పరీక్షించవలెను.

క్వారీ రోడ్డు మీదికి జీపు బయల్దేరింది. ముందు సీట్లో డ్రైవరు పక్కన పైడిరాజు, నోట్లో స్టాకు నంబరు 417. వెనక సీట్లో కమిటీ. గతుకు వచ్చినప్పుడల్లా నోరు తెరవాలని ఆదేశం. అద్దంలోంచి విశ్వపతిగారు పరిశీలిస్తారు. మొదటి గతుక్కి చక్రపాణి కళ్ళజోడు ఎగిరి కింద పడింది. మూడో గతుక్కి విశ్వపతిగారి నడినెత్తి జీపు కప్పుకు తగిలింది. ఐదో కిలోమీటరు దగ్గర జీపు వెనక బంపరు ఊడి రోడ్డు మీద ఉండిపోయింది. పైడిరాజు ప్రతి గతుక్కూ బుద్ధిగా నోరు తెరిచాడు, ఊడాలని మనసులో పైడితల్లికి మొక్కుకున్నాడు. పళ్ళు ఊడలేదు.

జీపు దిగి, నెత్తి తడుముకుంటూ విశ్వపతిగారు నివేదిక చెప్పి రాయించారు. "పరీక్షా కాలమునందు ప్రభుత్వ వాహనము భాగములు కోల్పోయినను, దంతసామగ్రి స్థానభ్రంశము చెందలేదు. మూడు మరమ్మతులును సంపూర్ణముగా విజయవంతమైనవని కమిటీ హర్షముతో నిర్ధారించుచున్నది."

డాక్టర్ షమీమ్ ఊరుకోలేదు. పైడిరాజుగారి చేతిలో ఒక్క వేరుశనగ గింజ పెట్టి నమలమనండి, ఊడకపోవడం ఒక్కటే పళ్ళ పని కాదు అంది. విశ్వపతిగారు ఎంతో మర్యాదగా ఫారం తిప్పి చూపించారు. అందులో ఉన్నవి రెండే గళ్ళు, ఊడినది, ఊడలేదు. నమలడానికి గడి లేదు. జీపు నమలదు కదా.

పైడిరాజు చేతులు కట్టుకునే అడిగాడు.

"ఊడితే లైనింగంటారు. ఊడకపోతే బాగుందంటారు. మరి కొత్తయి ఎప్పుడిత్తారు బాబూ?"

విశ్వపతిగారు పెన్ను మూత పెట్టి నియమావళి చివరి దాకా తిరగేశారు. అబద్ధమాడే మనిషి కాదాయన. ఈ ప్రశ్న ఇంతవరకు ఎవరూ అడగలేదని ఒప్పుకున్నారు.

కథ అంతటితో ఆగితే పైడిరాజు అదృష్టవంతుడే. కమిటీ నివేదిక పై ఆఫీసుకు వెళ్ళింది. మూడుసార్లు మరమ్మతు జరిగి, జీపు బంపరు కంటే గట్టిగా నిలబడిన పళ్ళ సంగతి చదివి పైవాళ్ళు పొంగిపోయారు. పొదుపు వారోత్సవాల ప్రదర్శనలో ఆ సెట్టును ఆదర్శ నమూనాగా పెట్టాలని ఉత్తర్వు వచ్చింది. విభాగం నుంచి ఇద్దరు మనుషులు ఇంటికొచ్చి, పైడిరాజు నోట్లోంచి 417ను స్వాధీనం చేసుకుని, రసీదిచ్చి వెళ్ళిపోయారు. అచ్చియ్యమ్మ వాళ్ళ వెనకాల వీధి మలుపు దాకా వెళ్ళి శాపనార్థాలు పెట్టొచ్చింది. పళ్ళు ఆఫీసు హాల్లో గాజుపెట్టెలోకి చేరాయి. ప్రదర్శనకు ఇంకా నెల రోజులుంది. అన్నాళ్ళూ సామగ్రి లబ్ధిదారుడి అధీనంలోనే ఉన్నట్టు భావించవలెను కాబట్టి, వేరే సెట్టు ప్రశ్నే లేదు.

నాలుగో రోజు ఉదయం రూతమ్మ ఫోను చేసింది. నాన్నగారు రెండు రోజులుగా ఏమీ తీసుకోవడం లేదని, డాక్టరు ఇవాళో రేపో అన్నాడని, ఆయన మాత్రం పైడ్రాజు వచ్చాడా అని అడుగుతున్నాడని చెప్పింది.

పైడిరాజు క్లారినెట్టు పెట్టె చంకన పెట్టుకుని ముందు విభాగానికి వెళ్ళాడు. ఒక్క గంటకు తన పళ్ళు తనకివ్వమన్నాడు. చక్రపాణికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి, నిజంగానే తిరిగాయి. గాజుపెట్టె తాళంచెవి విశ్వపతిగారి దగ్గరుందనీ, ఆయన క్యాంపుకెళ్ళారనీ, ఒకవేళ ఉన్నా సామగ్రి బయటికి వెళ్ళాలంటే ట్రిప్ షీటు కావాలనీ, ట్రిప్ షీటులో అధికార పర్యటన అని ఉండాలనీ చెప్పాడు. పైడిరాజు గాజుపెట్టె ముందు ఒక నిమిషం నిలబడ్డాడు. లోపల పళ్ళు చిన్న బల్బు వెలుతురులో మెరుస్తూ ఆయన్నే చూస్తున్నాయి. ఆయనకు ఏడుపొచ్చింది, కోపమొచ్చింది, పళ్ళు కొరుకుదామంటే అవి పెట్టెలో ఉన్నాయి. వెనక్కి తిరిగి మిషను కాంపౌండు దారి పట్టాడు.

మాస్టారు కళ్ళు మూసుకుని ఉన్నాడు. మంచం పక్కన ముక్కాలిపీట మీద కూర్చుని పైడిరాజు వాయిద్యం బిగించాడు. నలభై ఏళ్ళ కిందట, ఎవరో కుర్రకానిస్టేబులుకు పంటి నొప్పి వచ్చి పరేడు ఎగ్గొడతానంటే ఈ మాస్టారే తిట్టి నేర్పిన కిటుకు ఒకటి ఆయనకు గుర్తొచ్చింది. రెండు పెదవులూ లోపలికి మడిచి, వాటి మధ్య వాయిద్యాన్ని పట్టాలి. అప్పుడు పెదవుల వెనక పళ్ళుండేవి. ఇప్పుడు ఉత్త చిగుళ్ళు. అయినా మడిచాడు. మొదటిసారి గాలే వచ్చింది. రెండోసారి బాతు అరిచినట్టు అరిచింది. పక్కింటి పిల్లలు కిటికీలోంచి తొంగిచూసి కిసుక్కున నవ్వారు. మూడోసారి షడ్జమం నిలబడింది.

నెమ్మదిగా, బుగ్గలు నొప్పెడుతున్నా ఆపకుండా, మార్చి మొదటి నుంచి చివరి దాకా వాయించాడు. రూతమ్మ గుమ్మానికి ఆనుకుని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్విన పిల్లలు నవ్వడం మానేశారు. అయిపోయాక మాస్టారు కళ్ళు తెరవకుండానే పెదవులు కదిపాడు.

"రెండో సరణంలో నిషాదం తగ్గిందిరా."

"పళ్ళు లేవు మాస్టారూ."

"పళ్ళున్నప్పుడూ తగ్గేదే."

అని, మంచం మీద వేళ్ళతో తాళం వేసి, ఇంకోసారి కానిమ్మన్నాడు. పైడిరాజు ఇంకోసారి వాయించాడు. ఈసారి నిషాదం ఎలా ఉందో మాస్టారు చెప్పలేదు, నిద్రపోయాడు. మూడో రోజు ఆయన వెళ్ళిపోయాడు. సమాధి దగ్గర బ్యాండు మొత్తం యూనిఫారంలో నిలబడి అదే మార్చి వాయించింది. పైడిరాజు జనం వెనక నిలబడి విన్నాడు. కొత్త కుర్రాడి నిషాదం అచ్చంగా సరిపోయింది. సరిపోయిందని చెప్పాల్సిన మనిషి లేడు. పైడిరాజు అక్కడే, అంతమందిలో, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

మాస్టారి మంచం పక్కన పైడిరాజు వాయిస్తుంటే రూతమ్మ ఇంట్లో ఎవరో ఫోనులో తీసిన వీడియో ఊరంతా చుట్టి విభాగానికీ చేరింది. వారం తిరక్కుండానే పైడిరాజుకు ఉత్తరం వచ్చింది. అచ్చియ్యమ్మ కళ్ళజోడు పెట్టుకుని కూడబలుక్కుని చదివింది.

"లబ్ధిదారుడు దంతసామగ్రి యొక్క సహాయము లేకుండగనే వృత్తిపరమైన కార్యమును జయప్రదముగా నిర్వహించినట్లు దృశ్య సాక్ష్యము వలన విశదమైనందున, వారికి సదరు సామగ్రి అవసరము లేదని నిర్ధారించి, దస్త్రము మూసివేయడమైనది. స్టాకు నంబరు 417ను శాశ్వత ప్రదర్శనగా పరిగణించవలెను. ప్రదర్శన ప్రారంభోత్సవమునకు లబ్ధిదారుడు విధిగా హాజరుకావలెను."

విధిగా అన్నారు కాబట్టి వెళ్ళాడు. పోలీసు ఉద్యోగం చేసినవాడు, విధిగా అంటే ఇంట్లో కూర్చోలేడు. హాలు నిండా జనం. గాజుపెట్టెకు బంతిపూల దండ వేశారు. పక్కన అట్ట మీద పైడిరాజు పేరు, మరమ్మతుల సంఖ్య, జీపు ప్రయాణం ఎనిమిది కిలోమీటర్లు. విశ్వపతిగారు వచ్చినవాళ్ళందరికీ వివరిస్తున్నారు, వాళ్ళు తలలూపుతున్నారు. చక్రపాణి ఓ మూల నిలబడి నేలచూపులు చూస్తున్నాడు. డాక్టర్ షమీమ్ రాలేదు.

చివర్లో ఫొటో. గాజుపెట్టెకు ఒక పక్కన విశ్వపతిగారు, ఇంకో పక్కన పైడిరాజు. శాలువా కప్పారు. ఫొటోగ్రాఫరు కెమెరాలోంచి చూసి, తల బయటికి తీసి, మళ్ళీ చూశాడు. పెద్దాయన మొహం బిగదీసుకున్నాడండీ, రేపు పేపర్లో బాగుండదు అన్నాడు. విశ్వపతిగారు పైడిరాజు భుజం తట్టి ఆప్యాయంగా చెప్పారు.

"కాస్త పళ్ళు కనబడేలా నవ్వండి."

పైడిరాజు ఒక అడుగు వెనక్కి వేసి, గాజుపెట్టెను రెండు చేతులా పట్టుకుని కెమెరా ముందుకు జరిపాడు.